చతుర్థీ విభక్తిపై నిషేధము

ఒక పెద్ద అడవిలో తూర్పున వాన కురిసేది, పడమట ఇసుక కురిసేది. ఆ ఇసుకకు ఆవల మరొక అడవి ఉండేది. అది ఎండి, అంటుకొని, బూడిద అయినది. అందులో మిగిలిన ప్రాణులు ఎడారి దాటి ఇటు రావడం మొదలుపెట్టాయి. కొన్ని వచ్చేవి; కొన్ని ఇసుకలోనే ఉండిపోయేవి.

ఇటువైపు చెరువు గట్టున శేషమాంబ అనే గూడబాతు నివసించేది. ముక్కు కింద కడివెడు నీరు పట్టే సంచి ఉండేది ఆమెకు. నెత్తిన ఉన్నవి నాలుగు ఈకలే గాని, వాటి ఠీవి చూసి నెమలి కూడా పక్కకు తప్పుకొనేది. అడవిలోని పిల్లలందరికీ వ్యాకరణం చెప్పినది ఆమెయే. తప్పు పలికినవారికి సమాధానం ముక్కుతోనే దొరికేది.

ప్రతి ఉదయమూ ఆమె సంచి నిండా నీరు పట్టి, ఎగిరి వెళ్ళి, ఎడారి అంచున ఉన్న రాతిగుంటలో పోసి వచ్చేది. ఇది మంత్రి నక్కకు కంటగింపు అయినది.

"మహాప్రభో! నీళ్ళుండబట్టే వాళ్ళు వస్తున్నారు. నీళ్ళు ఆపితే రాకలు ఆగుతాయి," అని సింహరాజుకు విన్నవించినది నక్క.

"నీళ్ళు ఆపితే చస్తారేమోనోయ్?"

"చచ్చినవారు రారు గదా ప్రభూ! నా మనవి కూడా అదే."

సింహరాజుకు ఈ తర్కం నచ్చినది. వెంటనే వడ్రంగిపిట్ట ఒక మోడు మీద టకటక కొట్టి చాటింపు వేసినది: "ఎడారి దాటి వచ్చువారి కొఱకు నీరు పెట్టరాదహో!"

"కొఱకు అంటే చతుర్థీ విభక్తి," అని శేషమాంబ తనలో అనుకొన్నది. ఏమీ ఎరుగనట్టు నీరు పట్టుకొని పడమటికి ఎగిరినది.

రాతిగుంట పక్కన ఒక తల్లిజింక కూలబడి ఉన్నది. దాని పిల్ల, వట్టిదని తెలిసి కూడా, తల్లి పొదుగునే వెదుకుతున్నది. శేషమాంబ సంచి వంచినది. పిల్ల ఆవురావురుమని తాగినది. ఎన్నాళ్ళ దాహమో, తల్లి వంతు వచ్చేసరికి గుంటలో తడి మాత్రమే మిగిలినది.

"ఇంకొక్క సంచి దొరికితే లేచి నడుస్తానమ్మా," అన్నది తల్లిజింక. "దొరక్కపోతే దీన్ని మీ వెంట తీసుకుపోండి. నన్ను చూడకండి."

"అధైర్యపడకు. ఎండ నడినెత్తికి రాకముందే తెస్తాను."

ఆమె వెనుదిరిగేసరికి కాపలా రేచుకుక్క ఎదురుగా నిలబడి ఉన్నది.

"ఏం పెద్దమ్మా! చాటింపు వినబడలేదా? చెవుల్లో కూడా నీళ్ళేనా?"

"చెవులు బాగానే ఉన్నాయి నాయనా. పద, సభకే పోదాం. త్వరగా నడువు, నాకు పని ఉన్నది."

సభలో నక్క గొంతు సవరించుకొన్నది. "గురువమ్మగారూ! జింక కొఱకు నీరు పోశారా, లేదా?"

"పోయలేదు. పడినది. ముసలితనం వలన ముక్కు వణికినది. వణకుట వలన నీరు ఒలికినది. 'కొఱకు' చతుర్థి, 'వలన' పంచమి. ఏలినవారు నిషేధించినది చతుర్థిని. పంచమికి శిక్ష ఏదీ?"

రాజుగారి పరిచారకుడైన కోతి కిచకిచ నవ్వినాడు.

"ఇది వట్టి మాటల గారడీ!" అని నక్క అరిచినది.

"గారడీ కాదు, విభక్తులు. ఆ పాఠం చెప్పిన రోజున నీవు కోడి వెంట పరుగెత్తావు."

సింహరాజు ఆవులించాడు. "ఆ రెండూ వేర్వేరేనా శేషమాంబగారూ?"

"ముమ్మాటికీ వేరే మహారాజా."

"అయితే వదిలిపెట్టండి. నాకు నిద్ర వస్తున్నది."

శేషమాంబ చెరువుకు పరుగుతీసినది. ఆమె సంచి నింపుకొనేలోగానే నక్క రాజుగారి కునుకుపాటును తల ఊపడంగా భావించి, కొత్త చాటింపు వేయించినది: "ఎవ్వరి కొఱకైనను, దేని వలననైనను, ఈ అడవిలో ఒకచోటి నీటిని మరియొకచోటికి చేర్చరాదహో!"

రేచుకుక్క ఆమెను నీటితో సహా పట్టి తెచ్చి సభలో నిలబెట్టినది. నక్క ఎన్ని ప్రశ్నలు వేసినా ఆమె బదులు చెప్పలేదు. నోరు విప్పితే నీరు పోతుంది. నీరు పోతే జింక పోతుంది. ఎండ నడినెత్తికి పాకుతుంటే, జీవితంలో మొదటిసారి, వచ్చిన సమాధానాన్ని కూడా చెప్పలేక గిలగిలలాడినది.

అంతలో సింహరాజు నిద్ర లేచాడు. "నీళ్ళు!"

కోతి ఖాళీ చిప్ప తెచ్చి వినయంగా ముందు పెట్టాడు.

"ఇదేమిటిరా?"

"చిప్ప, మహాప్రభో."

"నీళ్ళేవిరా?"

"చెరువులో ఉన్నాయి. ఇక్కడికి తెస్తే నేరమట."

"ఓరి నీ దుంపతెగ! నా కొఱకైనా తేలేవా?"

"'కొఱకు' కూడదన్నారు ప్రభూ."

"పోనీ, నా మీది భయం వలన తే!"

"'వలన' కూడా కూడదన్నారు."

సింహరాజు నక్క వైపు ఉరిమి చూశాడు. నక్క తడబడినది. "ఏలినవారే ఒక్కసారి చెరువుదాకా దయచేస్తే..."

"చెరువు ఎటువైపు ఉన్నది?"

పట్టాభిషేకం నాటి నుండి నీరే ఆయన దగ్గరకు వచ్చేది. ఆయన నీటి దగ్గరకు పోయి ఎరుగడు.

అప్పుడు శేషమాంబ సంచి కదిలినది. లోపల నీరు తొణికిన చప్పుడు వినబడగానే సింహరాజు చెవులు నిక్కించాడు. "శేషమాంబగారూ! ఆ సంచి కాస్త ఇటు వంచండి!"

ఆమె తల అడ్డంగా ఊపి, రెక్కతో నక్కను చూపినది.

"ఆజ్ఞ ఉండగా ఎలా ప్రభూ?" అని నక్క కక్కలేక మింగలేక గొణిగినది.

"ఆజ్ఞ రద్దు! మొదటిదీ రద్దు, రెండోదీ రద్దు!"

వడ్రంగిపిట్ట చాటింపు పూర్తిచేసేదాకా శేషమాంబ కదలలేదు. చివరి అక్షరం వినబడగానే రెక్కలు విప్పి, రాజుగారి తల మీదుగా పడమటికి ఎగిరిపోయినది. "నా నీళ్ళు! నా నీళ్ళు!" అంటూ సింహరాజు ఆమె వెంట పరుగెత్తాడు. రాజు వెంట సభ అంతా పరుగెత్తినది.

తల్లిజింక కళ్ళు మూతపడి ఉన్నాయి. శేషమాంబ దాని నోటిలోనే నీటిని ధారగా పోసినది. ఒక గుటక జారినది, తరువాత మరొకటి. కళ్ళు తెరుచుకొన్నాయి. మిగిలిన నీటిని ఆమె గుంటలో పోస్తుండగా, రొప్పుతూ వచ్చిన సింహరాజు మూతి ముందుకు చాచాడు.

ఆమె నోరు ఇప్పుడు ఖాళీ.

"వరుసలో నిలబడండి మహారాజా! ఆమె తరువాత మీరు."

సింహరాజు నిలబడ్డాడు. నాలుక వేలాడేసుకొని, తోక ముడుచుకొని, జింక లేచి నిలిచేదాకా నిలబడ్డాడు. అటుపిమ్మట గుంటలో మిగిలిన తడిని నాకి, సభవారెవరైనా చూశారేమోనని చుట్టూ చూశాడు. అందరూ చూశారు.

మరునాడు నక్క కూర్చిన చాటింపు అడవి అంతటా మోగినది: "ఎడారి దారిలో నీరు ఏలినవారి దయ వలన లభించునహో!"

చెరువు దగ్గర కోతి శేషమాంబను అడిగాడు. "ఏమండీ గురువమ్మగారూ, ఇందులో తప్పేమైనా ఉన్నదా?"

"విభక్తి సరిగానే ఉన్నది," అన్నది ఆమె, సంచి నింపుకోబోతూ. "వాక్యమే అబద్ధము."

నీతి: ఉపకారము చేయదలచినవారికి వ్యాకరణము తప్పనిసరి, ఆజ్ఞలు చేయువారికి ఆ నిర్బంధము లేదు.