మోకాలి కోసం ఉపవాసం

చంద్రుణ్ణి వేళకు పంపే దేవుడు, సముద్రానికి పోటునూ పాటునూ వేళకు పంపే దేవుడు, లెసియెలి ఒంటి లెక్క ఒక్కటే ఎందుకు మర్చిపోయాడన్నది ఆమెకు చాలా ఏళ్ళుగా ఉన్న సందేహం. నెలసరి ఒకసారి నాలుగు నెలలకు వచ్చేది, ఒకసారి ఏడు నెలలకు. వచ్చాక వదిలేది కాదు. దాని గురించి ఆమె దేవుణ్ణి నిలదీయలేదు. ఆదివారం బడిలో పిల్లలకు సృష్టి కథ చెబుతూ, ఆయన అన్నిటినీ క్రమంగా చేశాడు అనే చోటికి వచ్చేసరికి మాత్రం గొంతు కొంచెం తగ్గేది.

ఇరవై మూడేళ్ళు నిండాయి. గడ్డం కింద నల్లటి వెంట్రుకలు మొలవసాగాయి. శనివారం సాయంత్రం తలుపు గడియ పెట్టుకుని ఒక్కొక్కటీ పీక్కునేది, మర్నాడు గుడిలో పాట ఎత్తుకునేటప్పుడు అందరి కళ్ళూ తన ముఖం మీదే ఉంటాయి కనుక. ఊరి నర్సు బరువు తగ్గమంది. మేనత్త మెలెనైటే పెళ్ళయితే అదే సర్దుకుంటుందంది. అమ్మ నోని పళ్ళ రసం పట్టించింది. దానివల్ల వాంతులు తప్ప మరేవీ వేళకు రాలేదు.

ఇన్నాళ్ళకు ఆక్లాండ్ నుంచి ఇలైసానె అనే ఆడ డాక్టరు పెద్దాసుపత్రికి వచ్చింది. ఆవిడా ఈ ద్వీపం పిల్లే, అక్కడ చదువుకుంది. ఆ మంగళవారమే ఆఖరి రోజు. మళ్ళీ వచ్చేది ఏడాది తర్వాత. రాత్రి నుంచి ఏమీ తినకూడదు, రక్తం తీస్తారు. బయలుదేరే ముందు లీటరు నీళ్ళు తాగాలి, పొట్ట స్కాన్ తీసేదాకా బాత్రూంకి వెళ్ళకూడదు. అమ్మా కూతురూ వేసుకున్న పథకం చాలా చిన్నది. చప్పుడు చేయకుండా పొద్దున్నే బస్సెక్కడం, మధ్యాహ్నానికి చప్పుడు చేయకుండా తిరిగి రావడం.

ఆరింటికి మేనత్త మెలెనైటే గుమ్మంలోకి వచ్చింది. చేతిలో బుట్ట, బుట్టలో చామాకుల్లో కొబ్బరిపాలతో ఉడికించిన మాంసం పొట్లాలు. వాసన చాప మీద కూర్చున్న వాళ్ళ కంటే ముందు పొట్టకే తెలిసింది.

"రాత్రే మట్టిపొయ్యిలో పెట్టాను. వేడి చల్లారకముందే తినండి. ఏమే పిల్లా, నీకే పెద్దది."

తండ్రి తోబుట్టువు చేతి ముద్దను వద్దనడం టోంగాలో ఎవరూ చేయరు. తండ్రే ఆమె ఎదుట గొంతు పెంచడు. ఆయన ఆ రోజుల్లో పళ్ళు కోసే పనికి ఆస్ట్రేలియా వెళ్ళి ఉన్నాడు గాని, ఇంట్లో ఉన్నా ఏమీ ఒరిగేది కాదు. ఉన్న సంగతి చెప్పేస్తే సరిపోయేదే. కానీ ఎదురుగా అన్న సెమిసి కూర్చుని ఉన్నాడు. అన్న ఉన్న గదిలో చెల్లెలి ఒంటి సంగతి ఎత్తకూడదు. టీవీలో ముద్దు వస్తే లేచి బయటికి వెళ్ళిపోయే అన్నాచెల్లెళ్ళు వాళ్ళు.

అమ్మ లెసియెలి వంక చూసింది. లెసియెలి పొట్లం వంక చూసింది.

"నేను ఉపవాసం అత్తా," అంది చివరికి. అబద్ధం కాదు కదా అని మనసుకు చెప్పుకుంది.

"ఉపవాసమా? మంగళవారం నాడా? దేనికోసమే?"

"అది... అందరిలో చెప్పేది కాదత్తా."

అత్త చూపు అటూ ఇటూ తిరిగి, కుర్చీ మీద చాపి పెట్టిన సెమిసి ఎడమ మోకాలి మీద ఆగింది. కిందటి వారం రగ్బీ ఆటలో వాచిన మోకాలు అది. శనివారం ఊరి జట్టుకు ఫైనల్. అత్త కళ్ళు చెమర్చాయి.

"చూశావురా సెమిసీ? నీ చెల్లెలు నోరు విప్పి చెప్పదు. చెప్పకపోయినా మాకు తెలీదూ?"

సెమిసి అప్పటికే పొట్లం విప్పి ముద్ద చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని మెల్లగా ఆకులో పెట్టేశాడు. ఆరడుగుల మనిషి ముక్కు ఎగబీల్చాడు.

"అది నా కోసం పస్తుంటే నేనెలా తింటానత్తా?"

"నువ్వు తినకపోతే నేనెలా తింటానురా?" అంది అత్త. తరవాత అమ్మ వైపు తిరిగింది. "ఏం వదినా, నువ్వు తింటావా?"

ముగ్గురూ మానేశాక తినేంత ధైర్యం అమ్మకు లేదు.

అక్కడితో ఆగిపోతే కథే లేదు. మెలెనైటే గుడిలో ఆడవాళ్ళ ప్రార్థన సంఘానికి పెద్ద. ఫోను తీసింది. ఊరికి ఏకైక ఫైనల్, ఊరికి ఏకైక మోకాలు అన్నట్టు చెప్పింది. ఊరంతా ఉపవాసమని పాస్టరుగారు గంట కొట్టించే సమయానికి ఆయన చేతిలో అప్పుడే నూనెలోంచి తీసిన పిండి ఉండ ఉంది, నోటికి రెండంగుళాల దూరంలో. ఆయన దాన్ని తిరిగి పళ్ళెంలో పెట్టిన తీరు చూసి పాస్టరమ్మ ఎవరో పోయారేమో అనుకుంది.

లెసియెలి వంటింట్లో మూల నిలబడి నీళ్ళ సీసా ఎత్తింది. సగం తాగేసరికి వెనకనుంచి అత్త గొంతు వినపడింది.

"నీళ్ళు తాగొచ్చా?"

"తాగాలత్తా. లీటరు తాగాలి."

"లీటరా? తరవాత?"

లెసియెలి కిటికీ వైపు చూసింది. సెమిసి ట్రక్కు తుడుస్తూ బయట పక్కనే ఉన్నాడు. "తరవాత... పని అయ్యేదాకా బాత్రూంకి వెళ్ళకూడదు."

అత్త గుండె మీద చేయి వేసుకుంది. "మా తాతల కాలంలో కూడా ఇంత కఠినమైన ఉపవాసం వినలేదే అమ్మా!" అని పొంగిపోతూ ఫోను మళ్ళీ తీసింది.

ఆసుపత్రికి వెళ్ళాలని లెసియెలి అంటే, "మోకాలు చూపించొద్దూ మరి!" అంది అత్త. బస్సు మాట ఎగిరిపోయింది. సెమిసి ట్రక్కు వెనక పద్నాలుగు మంది ఆడవాళ్ళు ఎక్కారు, ఒక్కొక్కరి పొట్టలో లీటరు నీళ్ళతో. ముందు సీట్లో పాస్టరుగారు. చోటు చాలక అమ్మ ఇంటి దగ్గరే ఆగిపోయింది. పాస్టరుగారు వస్తున్నారంటే మర్యాదగా వెళ్ళాలి కాబట్టి అత్త తన చేత్తోనే లెసియెలి నడుముకు చాప చుట్టి, కొబ్బరి తాడుతో బిగించి కట్టింది. ముడి సరిగ్గా నీళ్ళున్న చోట పడింది.

"కొంచెం వదులు చేయవా అత్తా..."

"నడుముకు చాప వదులుగా ఉంటే మనిషి వదులని అనుకుంటారు. నిటారుగా కూర్చో."

ఊరికీ పట్నానికీ మధ్య రోడ్డు వానాకాలం తరవాత ఎవరూ బాగుచేయలేదు. మొదటి గుంతకు ట్రక్కులో ఉన్నవాళ్ళంతా "యేసయ్యా" అన్నారు. రెండో గుంతకు పాట అందుకున్నారు. ఆరేడు గుంతలయ్యేసరికి పాట మాని ఎవరి మానాన వాళ్ళు కళ్ళు మూసుకున్నారు. అంత నిష్ఠగా ఊరు ప్రార్థించడం పాస్టరుగారు తన కొలువులో చూడలేదు.

"కొంచెం నెమ్మదిగా పోనీరా నాయనా," అంది వెనకనుంచి ఒకావిడ, పళ్ళ సందునుంచి.

"నెమ్మదిగానే పోతున్నా పిన్నీ."

"అయితే వేగంగా పోనీ."

ఆసుపత్రిలో లెసియెలి పేరు పిలిచారు. స్కాన్ గది తలుపు తోసి లోపలికి అడుగుపెట్టింది. యంత్రం దగ్గర కూర్చున్న కుర్రాడు తలెత్తాడు. ఫోతు. తన పిన్ని కొడుకు. అంటే తమ్ముడు. ఇద్దరూ ఒక్కసారే గోడ వైపు తిరిగిపోయారు, చెరొక గోడ వైపు.

"ఈ గదిలో ఎవరైనా ఉంటే," అన్నాడు ఫోతు గోడతో, "వాళ్ళకో మాట. స్కాన్ తీసే మనిషి ఇంకొకరు సెలవులో ఉన్నారు."

"ఎప్పుడొస్తారో ఆ గోడకు తెలుసా?" అంది లెసియెలి తన గోడతో.

"వచ్చే నెల."

లెసియెలికి ఏడుపొచ్చింది. ఇంతలో తలుపు తెరుచుకుంది. అత్త సెమిసిని భుజం పట్టి లోపలికి నెట్టింది. "ఇదిగో నాయనా మోకాలు!" ఫోతు ముఖం వెలిగిపోయింది. తన జన్మలో ఏ మోకాలినీ అంత ప్రేమగా చూసి ఉండడు. జెల్ రాసి, అటు తిప్పి ఇటు తిప్పి, యంత్రంలో లెసియెలికి రాసిపెట్టిన సమయమంతా దాని మీదే ఖర్చు పెట్టేశాడు.

లెసియెలి బయటికి పరుగెత్తింది. స్కాన్ లేనిదే డాక్టరు ఏమీ చెప్పదనుకుంది. ఏడాది వరకూ ఇక డాక్టరు లేదు, స్కాన్ లేదు, జవాబు లేదు. ప్రస్తుతానికి అంతకంటే పెద్ద కష్టం నడుము ముడి కింద ఉంది. ఆడవాళ్ళ బాత్రూం నడవా చివర ఉంది. దాని ముందు వరస ఉంది. వరసలో పద్నాలుగు మంది, అందరూ తన ఊరివాళ్ళే, అందరూ కాళ్ళు మార్చి మార్చి నిలబడుతూ. అందరికంటే ముందు మేనత్త.

"యంత్రం మోకాలికి తగలగానే ప్రార్థన పూర్తయినట్టే అని చెప్పాను," అంది అత్త, కొంచెం సిగ్గుపడుతూ.

అక్కడ అన్నలు లేరు. తమ్ముళ్ళు లేరు. పాస్టరుగారు కూడా రాలేని చోటు అది. లెసియెలికి తెలియకుండానే నోటి కట్ట తెగింది.

"మోకాలి కోసం కాదు! ఎవరి మోకాలూ కాదు! నాకు నెలసరి రాదు! ఏడు నెలలైంది! శనివారం శనివారం గడ్డం మీద వెంట్రుకలు పీక్కుంటున్నాను! రక్తం తీయడానికి తినొద్దన్నారు, స్కానుకి నీళ్ళు తాగమన్నారు. మీరంతా ఎందుకు తాగారు? ముందు నన్ను లోపలికి వెళ్ళనివ్వండి!"

వరసంతా కాళ్ళు మార్చడం మాని ఆమె వైపు తిరిగింది. తరవాత, మధ్యలోంచి ఒకావిడ నెమ్మదిగా అంది. "నాకూ పెళ్ళికి ముందు అంతే."

"మా రెండోదానికి ఇప్పుడూ అంతే. అది చేపలు తిన్నందుకని మా అత్తగారంటుంది."

"నాది శనివారాలు కాదు, శుక్రవారాలు," అంది ఇంకో ఆమె, గడ్డం తడుముకుంటూ.

అత్త మాత్రం పక్కకు జరిగి, మేనకోడలికి దారి ఇచ్చింది. ఆ ద్వీపంలో మేనత్త ఎవరికైనా దారి ఇవ్వడం చూసినవాళ్ళు తక్కువ.

లెసియెలి బయటికొచ్చేసరికి ఆ గోలకు డాక్టర్ ఇలైసానె గది వదిలి వచ్చి నిలబడి ఉంది. సన్నటి మనిషి, కళ్ళద్దాలు.

"ఇక్కడున్న ఎవరూ రాత్రి నుంచి ఏమీ తినలేదా?" అంది నమ్మలేనట్టు.

"మంచినీళ్ళు తప్ప."

"నర్సమ్మా! ఒక్కరినీ కదలనివ్వొద్దు. అందరి వేలి నుంచీ చుక్క తీసి షుగరు చూడు. పరగడుపున రమ్మంటే ఏడాదికి ముగ్గురు రారు నాకు." తరవాత లెసియెలి వైపు తిరిగింది. "నువ్వు రా అమ్మా."

అత్త పిలవకుండానే వెంట వెళ్ళింది.

డాక్టరు తొందరపడలేదు. ఎప్పటి నుంచి, ఎన్నాళ్ళకొకసారి, మొటిమలు వస్తాయా, వెంట్రుకలు ఎక్కడెక్కడ, అన్నీ అడిగి, చెప్పినంతసేపూ విన్నది. లెసియెలి మాట ఇన్నేళ్ళలో ఎవరూ అంతసేపు వినలేదు.

"స్కాన్ తీయలేదు డాక్టరుగారూ," అంది లెసియెలి, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

"నీకు స్కానుతో పని లేదు. నువ్వు చెప్పినవాటితోనే తెలుస్తోంది. థైరాయిడ్ లాంటివి కావని రక్తంలో చూసుకుంటాను. కాకపోతే ఇది పిసిఓఎస్. అండాశయాలు వేళకు గుడ్డు వదలవు, మగవాళ్ళలో ఎక్కువుండే హార్మోను నీలో కాస్త ఎక్కువ తయారవుతుంది. చాలామందికి ఉంటుంది. నీ బద్ధకం వల్ల వచ్చింది కాదు, పాపం వల్ల అసలే కాదు. నెలల తరబడి రాకుండా వదిలేయకూడదు, మందులున్నాయి."

"పిల్లలు?"

"చాలామందికి పుడతారు. కొందరికి మందు సాయం కావాలి. అప్పుడు చూసుకుందాం."

లెసియెలి ఏడ్చింది. దానికి ఒక పేరుందని తెలియడం ఇంత తేలికగా ఉంటుందని ఆమె అనుకోలేదు.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?" డాక్టరు కలం పట్టుకుని అడిగింది.

"తెలీదండీ."

తెలుసుకుందామని ఒకసారి అడిగింది నిజమే. పదహారేళ్ళప్పుడు, జుట్టు దువ్వుతున్న మేనత్తనే అడిగింది. నీకూ ఇలాగే ఉండేదా అత్తా అని. అత్త దువ్వెన గట్టిగా లాగి, కదలకుండా కూర్చోమంది. ఆ జవాబు అప్పటి నుంచీ బాకీ.

మెలెనైటే నడుము చాప సర్దుకుంది. నిటారుగా కూర్చుంది.

"రాయమ్మా," అంది. "మేనత్తకి."

డాక్టరు తలెత్తింది. "ఆవిడ ఎప్పుడైనా ఎవరికైనా చూపించుకున్నారా?"

"ఇరవై ఎనిమిదేళ్ళు ఆలోచించింది," అంది మెలెనైటే. "ఇప్పుడు నీ ఎదురుగా కూర్చుంది." మేనకోడలి వైపు తిరగకుండానే ఆమె చేయి పట్టుకుంది. "పెళ్ళయితే సర్దుకుంటుందన్నానే... నాకు సర్దుకోలేదు పిల్లా. ఆ మాట నీకు అప్పుడే చెప్పాల్సింది."

నడవాలో చుక్కలు తీయడం అయిపోయింది. పద్నాలుగు మందిలో నలుగురికి షుగరు తేలింది. పాస్టరుగారి అంకె చూసి నర్సు యంత్రం పాడైందేమోనని ఇంకో యంత్రం తెచ్చింది. అదీ అదే చెప్పింది. ఆయన నూనెలోంచి తీసిన పిండి ఉండను తలచుకుంటూ బెంచీ మీద కూర్చున్నాడు.

ట్రక్కు దగ్గర సెమిసి ఎదురు చూస్తున్నాడు. మోకాలికి ఏమీ లేదు, నరం పట్టింది, నాలుగు రోజుల్లో పోతుందని ఫోతు చెప్పాడట. చెల్లెలి ఎర్రబడ్డ కళ్ళు చూసి, ఏమీ అడగకుండా తల దించుకుని అత్తతో అన్నాడు.

"అయితే ప్రార్థన ఫలించినట్టేనా అత్తా?"

"ఫలించిందిరా," అంది మెలెనైటే, ముందు సీట్లోకి ఎక్కుతూ. "మన ఇంటి వరకు ఒకటనుకుని వచ్చాం. రెండు తేలాయి."

సెమిసి తన మోకాళ్ళ వంక చూసుకుని, కుడిదానికి ఎప్పుడు జబ్బు చేసిందా అని ఆలోచిస్తూ ట్రక్కు స్టార్ట్ చేశాడు.