ముగ్గురైన ఒకే అధ్యక్షుడు

పనుల కోసం ఛత్తీస్‌గఢ్‌కు వలసొచ్చిన ఖుర్సీపార్ తెలుగు క్రైస్తవ సంఘం 1964లో తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడనే త్రిత్వ సిద్ధాంతాన్ని ఆచరణలో పెట్టిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. అధ్యక్ష పదవికి శంకరరావు, మల్లేశ్వరరావు, వెంకటరత్నం గార్లకు సమానంగా ఓట్లు పడ్డాయి. ఎవరూ తగ్గలేదు. అప్పుడు వేదాంత కళాశాలలో చదివొచ్చిన పాస్టరుగారు లేచి, "వ్యక్తులు ముగ్గురు, తత్త్వం ఒక్కటే! దేవుడికి చెల్లినది మన సంఘానికి చెల్లదా?" అన్నారు. చప్పట్లు మోగాయి. పూర్వం క్రైస్తవ మహాసభలు తరాల తరబడి కొట్టుకుని తేల్చిన సంగతిని మనవాళ్లు టీ చల్లారేలోపు తేల్చేశారు.

ఆ ఏడాది మే నెలలోనే ఒక ఉదయం రైల్వే ఖలాసీ తాతబ్బాయి ప్రాణం విడిచాడు. సమాధుల తోట తాళం తీయాలంటే అధ్యక్షుడి అనుమతి కావాలి. శవాన్ని ఇరుగుపొరుగుకి అప్పగించి భార్య పైడమ్మ ఎండలో బయలుదేరింది.

శంకరరావుగారు తాను సంపూర్ణ అధ్యక్షుడినేనని, అయితే మిగతా ఇద్దరూ లేకుండా ఏమీ చేయడం తన స్వభావంలోనే లేదని వివరించారు. మల్లేశ్వరరావుగారు తాను ఎవరికీ తక్కువ కాదన్నారు. ఒంటరిగా ఒప్పుకుంటే ఐక్యతకు భంగమన్నారు. వెంకటరత్నంగారిది మరీ సున్నితమైన స్థితి. తండ్రీ కుమారుల నుంచి పరిశుద్ధాత్మ బయలుదేరినట్టు, ఆయన ఆ ఇద్దరి నుంచీ బయలుదేరవలసినవారు. వాళ్లు కదలనిదే గుమ్మం దాటడం సిద్ధాంత విరుద్ధం.

పైడమ్మ ఆయన గుమ్మంలోంచి కదల్లేదు. "ముగ్గురూ ఒక్కలే అంతన్నారు గదా బావూ. ఆ ఒక్కలూ ఏ ఇంట్లో ఉంటారో సెప్పండి, నానక్కడికే ఎల్తాను. శవం ఆగదు."

"అది మర్మమమ్మా. అడక్కూడదు, నమ్మాలి," అన్నారు వెంకటరత్నంగారు, విసనకర్ర ఊపుకుంటూ.

సాయంత్రానికి వాసన మొదలైంది. పక్కింటి ఛత్తీస్‌గఢీ మేస్త్రీ "చలో దీదీ" అని సుత్తి తీసుకుని వెళ్లి తాళం పగలగొట్టాడు. పాస్టరుగారు ముగ్గురి చేతా జీతం పుచ్చుకునేవారు కనుక, ప్రహరీ బయటే నిలబడి, శరీర పునరుత్థానం గురించి లోపలికి వినబడేలా ప్రార్థించారు.

ఆదివారం సంఘం భగ్గుమంది. "ముగ్గురేటి? ఒక్కడే ఉండాల!" అని పైడమ్మ ఏడుస్తూ అరిచింది. తీర్మానం ఏకగ్రీవం. ఆ ఒక్కడూ ఎవరనగానే విశాఖవాళ్లు శంకరరావుగారికి, విజయనగరంవాళ్లు మల్లేశ్వరరావుగారికి, శ్రీకాకుళంవాళ్లు వెంకటరత్నంగారికి చేతులెత్తారు. తాతబ్బాయి పోవడంతో శ్రీకాకుళానికి ఒక చెయ్యి తక్కువైంది.

పైడమ్మ తన చెయ్యితో పాటు మొగుడి వంతు రెండో చెయ్యీ ఎత్తింది. లెక్క సమానమైంది. ముగ్గురూ ఒక్కరై మళ్లీ కుర్చీ వైపు నడిచారు.

"ఓలమ్మా, ఇసనకర్ర ఊపుకుంటా కూకున్నాడు గదే, ఆడికా?" అంది పక్కనే ఉన్న శ్రీకాకుళం గున్నమ్మ, తన చెయ్యి దించకుండానే.

పైడమ్మ కళ్లు తుడుచుకుంది. "ఏటి సెయ్యమంతావే? ఎంతైనా మనోడు."