ఏడో స్థానంలో ఉన్న సుఖం

మనిషికి ఈ లోకంలో దక్కగల స్థానాలన్నిటిలోకీ ఏడోదే ఉత్తమం. నవ్వకండి! చెప్పేది పూర్తిగా వినండి.

మొదటి స్థానంలో ఉన్నవాడికి నిద్ర ఉండదు. ఆఖరి స్థానంలో ఉన్నవాడికి పరువు ఉండదు. అదే పద్నాలుగు జట్ల లీగ్‌లో ఏడో స్థానం అనుకోండి, ఎంత హాయి! పైకి ఎక్కవేం అని ఎవరూ నిలదీయరు. కిందికి జారతావేమోనని ఎవరూ కన్నీళ్లు పెట్టరు. పేపరువాళ్లు ఫోన్ చెయ్యరు. మా స్వీడన్‌లో దీన్నే ‘లాగొమ్’ అంటాం. ఎక్కువా కాదు, తక్కువా కాదు. కాఫీ అయినా, ఆనందం అయినా, గెలుపు అయినా సరిపడా ఉంటే చాలు.

ఈ సత్యాన్ని మా హెల్విక్ ఊళ్లో అందరికన్నా బాగా గ్రహించినవాడు రూనె హెడ్‌క్విస్ట్. దాదాపు ఇరవై ఏళ్లుగా మా ఫుట్‌బాల్ క్లబ్‌కు చైర్మన్. ఎవరి జోలికీ పోని మనిషి. అలాంటివాడికి మొన్నటి సీజన్‌లో వచ్చిపడిన కష్టం పగవాడికి కూడా రాకూడదు.

ఏమిటా కష్టం? అతని ఆడవాళ్ల జట్టు గెలవడం మొదలుపెట్టింది!

మా క్లబ్‌కు రెండు జట్లున్నాయి. మగవాళ్ల జట్టు ఆరో డివిజన్‌లో, కొండ అవతలి ఊళ్లతో ఆడుతుంది. దాన్ని ఊళ్లో ‘జట్టు’ అంటారు. ఆడవాళ్ల జట్టు దేశం మొత్తానికి రెండో అంచె అయిన ఎలీటెట్టన్ లీగ్‌లో ఆడుతుంది. దాన్ని ‘ఆడవాళ్ల జట్టు’ అంటారు. ఎలీటెట్టన్ అన్న పేరులోనే ‘ఒకటి’ అనే అంకె ఉంది, వరసలో మాత్రం అది రెండోది. పేరు పెట్టినవాళ్లెవరో గానీ మొహమాటం లేని మనుషులు.

పెద్ద గ్రౌండ్ మగవాళ్లది. ఎందుకంటే ఎప్పుడూ వాళ్లదే కాబట్టి. ఇంతకన్నా గట్టి కారణం చరిత్రలో ఎక్కడైనా ఉందా? ఆడవాళ్లు వెనక గ్రౌండ్‌లో ప్రాక్టీస్ చేసుకుని, పెద్ద గ్రౌండ్ ఖాళీగా ఉన్నప్పుడు అక్కడ మ్యాచ్‌లు ఆడి, ఏటా ఏడో స్థానంలో బుద్ధిగా కూర్చునేవారు. అందరూ సుఖంగా ఉన్నారు. అందరూ అంటే రూనె.

అంతలో గోల్‌కీపర్‌గా వెండెలా వచ్చింది.

వెండెలా పొద్దున మా ఊళ్లో ఉత్తరాలు పంచుతుంది, సాయంత్రం గోల్ ముందు నిలబడుతుంది. పొద్దంతా అందరికీ అన్నీ అందించే ఆ పిల్ల, సాయంత్రమైతే దేన్నీ తనని దాటి పోనివ్వదు. జూన్‌లో ఒక ఉదయం రూనె ఇంటి ముందు బండి ఆపింది.

“రూనె గారూ, మీకు రెండు కవర్లు, ఒక మంచి వార్త. నిన్న మూడు–సున్నా! రెండో స్థానానికి వచ్చేశాం.”

రూనె కాఫీ కప్పు కింద పెట్టేశాడు. “రెండా? మనది ఏడు కదా!”

“అది పోయిన ఏడాది సంగతి. నిన్న మ్యాచ్‌కి రాలేదేం?”

“జట్టుకు మ్యాచ్ ఉంది కదమ్మా.”

“మేం కూడా జట్టేనండీ,” అని నవ్వేసి పక్కింటి వైపు బండి తిప్పింది.

మీరైనా రూనె బాధ అర్థం చేసుకోండి. మొదటి రెండు స్థానాల్లో ఉన్న జట్లు పై లీగ్‌కు వెళ్తాయి. పై లీగ్ అంటే టీవీ. టీవీవాళ్లు చెప్పిన రోజున, చెప్పిన వేళకు పెద్ద గ్రౌండ్ ఇవ్వాలి. అప్పుడు మగవాళ్లు ఎక్కడికి పోవాలి? వెనక గ్రౌండ్‌కా! ఆరో డివిజన్ వీరులు! వాళ్ల కెప్టెన్ బోర్యె మాంసం కొట్టు నడుపుతాడు, పొట్ట కూడా కొట్టుకు తగ్గట్టే ఉంటుంది. అంత పెద్ద మనిషిని అంత చిన్న గ్రౌండ్‌లోకి పంపడానికి ఏ చైర్మన్‌కు మనసొస్తుంది?

రూనె నేరుగా కోచ్ దగ్గరికి వెళ్లాడు. కోచ్ పేరు ఇంగలిల్, బళ్లో లెక్కలు చెబుతుంది.

“ఇంగలిల్, అమ్మాయిలు చాలా బాగా ఆడుతున్నారు. నాకెంతో సంతోషంగా ఉంది. అయితే మరీ...”

“మరీ?”

“మరీ ప్రతివారమూనా?”

ఇంగలిల్ ఎక్కం తప్పు చెప్పిన పిల్లాణ్ని చూసినట్టు చూసింది. “పోనీ, ఏ వారం ఓడిపొమ్మంటారో మీరే చెప్పండి.”

“ఛ ఛ! ఓడిపొమ్మని నేనెందుకంటాను? డ్రా కూడా ఒక ఫలితమే కదా అంటున్నా.”

ఆ తర్వాత కూడా ఆ జట్టుకు డ్రా చేసుకునే బుద్ధి పుట్టలేదు.

అప్పుడు రూనెకు పర్యావరణం గుర్తొచ్చింది. మా దేశంలో ఏ పని చెయ్యాలన్నా, మానాలన్నా అంతకన్నా గౌరవమైన కారణం లేదు. ఆడవాళ్ల జట్టుకు దూరపు ఊళ్లకు విడిగా బస్సు ఎందుకు? అదే వైపు కచేరీలకు వెళ్లే పెన్షనర్ల భజన బృందం ఉంది కదా, ఇద్దరూ ఒకే బస్సులో పోతే పొగ తగ్గదా? (మగవాళ్లు మాత్రం కొండ అవతలికి ఎవరి కారులో వాళ్లు వెళ్లేవారు. అది దగ్గరే కాబట్టి ఆ పొగ లెక్కలోకి రాదు.) గంటకోసారి బాత్‌రూమ్ కోసం ఆగే బస్సులో అలిసిపోయి దిగినవాళ్లు ఇంకేం గెలుస్తారు అని రూనె అనుకోలేదు. అనుకోలేదనే మనందరం నమ్ముదాం.

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు చూడండి, అదే జరిగింది.

కచేరీ సాయంత్రం, మ్యాచ్ మధ్యాహ్నం. పైగా వాన. అంతమంది ముసలివాళ్లు మధ్యలో ఎక్కడికి పోతారు? కూర్చోడానికి సీటు కూడా ఉండే చక్రాల వాకర్లు తోసుకుంటూ స్టాండ్‌లోకి వచ్చి కూర్చున్నారు. థర్మోస్‌లు తీశారు. దాల్చినచెక్క బన్నులు పంచుకున్నారు. ఆ తర్వాత గొంతులు సవరించుకున్నారు.

వాళ్లకు వచ్చినవి రెండే రకాల పాటలు. వసంతం పాటలు, చావు పాటలు. మన జట్టు గోల్ కొడితే వసంతం. అవతలి జట్టు కార్నర్ కొట్టడానికి బంతి పెట్టుకుంటే చావు. అదీ నాలుగు స్వరాల్లో, మెల్లగా! ఆ కార్నర్ కొట్టిన అమ్మాయి కాలు ఎంత వణికిందంటే బంతి వచ్చి కాఫీ థర్మోస్‌ల మధ్య పడింది.

ఆ బృందానికి పెద్ద గొంతు ఎల్సీ. ఎనభై నాలుగేళ్ల మనిషి. రూనెకు స్వయానా తల్లి.

“ఒరేయ్ రూనె,” అంది మర్నాడు కొడుకు ఇంట్లో కాఫీ తాగుతూ, “ఆ ఉత్తరాల పిల్ల ఎట్లా ఎగురుతుందిరా! నీ జన్మలో నువ్వెప్పుడైనా అట్లా ఎగిరావా?”

“నేను లెఫ్ట్ బ్యాక్ ఆడేవాణ్ని కదమ్మా.”

“తెలుసులే. నీ మ్యాచ్‌లన్నీ కూర్చుని చూసినదాన్ని. చలి పెట్టిందన్న సంగతి తప్ప ఒక్కటీ గుర్తులేదు.”

అలా ఎండాకాలం గడిచి, ఆకులు రాలి, నవంబర్ వచ్చింది. ఒక్క మ్యాచ్ మిగిలింది. సొంతూళ్లో, శనివారం. గెలిస్తే రెండో స్థానం, పై లీగ్. గెలవకపోతే మళ్లీ ఎప్పటికో!

సరిగ్గా ఆ శనివారమే పెద్ద గ్రౌండ్ మగవాళ్ల పేర బుక్ అయి ఉంది. సీజన్ ముగింపు సందర్భంగా పక్క ఊరి వెటరన్లతో స్నేహపూర్వక మ్యాచ్, ఆ వెంటనే సాసేజ్‌లు. జనవరిలోనే బుక్ చేశారు.

మా దేశంలో దేవుణ్ని నమ్మనివాళ్లు బోలెడంత మంది. బుకింగ్‌ను నమ్మనివాడు ఒక్కడు కూడా దొరకడు. అపార్ట్‌మెంట్ లాండ్రీ గదిలో ఇంకొకరి టైంలో బట్టలుతికినవాణ్ని మేం మూడు తరాల దాకా గుర్తుపెట్టుకుంటాం. కాబట్టి ఆడవాళ్ల మ్యాచ్‌ను బస్సులో గంట దూరంలో ఉన్న ఊరికి మార్చడానికి ఏర్పాట్లు మొదలుపెట్టి, “నా చేతుల్లో ఏముంది!” అని రూనె మనస్ఫూర్తిగా బాధపడ్డాడు.

ఆ మంగళవారం సాయంత్రం మగవాళ్లు ప్రాక్టీస్‌కు వచ్చేసరికి గ్రౌండ్ నడిమధ్య గుండ్రటి గీత లోపల వాకర్లు వరుసగా నిలబడి ఉన్నాయి. వాటి మీద దుప్పట్లు కప్పుకుని భజన బృందం కూర్చుని ఉంది. బోర్యె బంతి చంకలో పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు. వాకర్‌తో ఉన్న అవ్వను పక్కకు జరగమనగల మగాడు మా దేశంలో ఇంకా పుట్టలేదు. రూనెకు కబురు వెళ్లింది. పరుగెత్తుకుంటూ వచ్చాడు.

“అమ్మా! ఏంటిది?”

“ప్రాక్టీస్‌రా. చర్చి హాల్లో గాలాడట్లేదు.”

“ఇక్కడ జట్టు ప్రాక్టీస్ ఉంది!”

“ఏ జట్టు?” అంది ఎల్సీ.

రూనె మాట మారుస్తూ, “మీరు బుక్ చేసుకోలేదు కదమ్మా,” అన్నాడు.

“నిన్ను కనడానికి కూడా బుక్ చేసుకోలేదురా. వచ్చేశావు, పెంచాను. శనివారం ఆ పిల్లలు ఇక్కడ ఆడతారంటే లేస్తాం. లేదంటే రేపూ ఇక్కడే, ఎల్లుండీ ఇక్కడే.”

“సరే, మీటింగ్ పెడదాం.”

“పెట్టు. ఇక్కడే పెట్టు, కాఫీ కూడా ఉంది.”

బోర్యె మెల్లగా రూనె పక్కకు చేరాడు. “ఒరేయ్, మాది స్నేహపూర్వక మ్యాచేరా. ఆ స్నేహమేదో వెనక గ్రౌండ్‌లో చేసుకుంటాంలే.”

“నువ్వు కూడానా!”

“అటు చూడు,” అన్నాడు బోర్యె పెదాలు కదపకుండా. “ఎర్ర దుప్పటి. మా అత్తగారు.”

శనివారం ఆడవాళ్ల మ్యాచ్ ఇక్కడే అన్నవాళ్లు చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. రూనె కూడా ఎత్తాడు, భుజం దాకా. లాగొమ్‌గా.

శనివారం మంచు కలిసిన వాన. అయినా ఊరు ఊరంతా వచ్చింది. మగవాళ్ల మ్యాచ్ చూడ్డానికి వెనక గ్రౌండ్ వైపు జారుకోబోయిన రూనెను ఎల్సీ చెయ్యి పట్టి ఆపి, వెండెలా గోల్ వెనక నిలబెట్టింది. చైర్మన్ అయ్యాక అతను ఆడవాళ్ల మ్యాచ్ మొదటి నుంచి చివరి దాకా చూడటం అదే మొదలు.

చూశాడు. మొదట చేతులు జేబుల్లో పెట్టుకుని చూశాడు. అవతలి జట్టు గోల్ కొట్టినప్పుడు చేతులు బయటికొచ్చాయి. భజన బృందం ఎత్తుకున్న చావు పాటకు, గోల్ కొట్టిన అమ్మాయే తప్పు చేసినదానిలా తల దించుకుంది. రెండో సగంలో వెండెలా అటు గోల్‌కు మారితే రూనె కూడా వెనకే వెళ్లాడు. మనవాళ్లు ఒకటి కొట్టి సమం చేశారు. కాసేపటికి ఇంకొకటి! వసంతం పాటకు స్టాండ్ అదిరిపోయింది. బురదలో పడి లేచి, మళ్లీ పడి లేచి పరుగెడుతున్న ఆ అమ్మాయిల్ని చూస్తూ రూనె గోల్ వల దాకా జరిగాడు. వీళ్లు ఇన్నాళ్లూ ఇలాగే ఆడుతున్నారా? ఇక్కడేనా? నేనెక్కడున్నాను?

ఆట ముగియబోతుండగా అవతలి జట్టుకు పెనాల్టీ వచ్చింది.

వెండెలా గ్లవ్స్‌కు అంటుకున్న మంచు దులుపుకుంటూ వెనక్కి తిరిగింది.

“రూనె గారూ, ఎటు కొడుతుందంటారు?”

రూనె తన ఫుట్‌బాల్ జ్ఞానమంతా కూడదీసుకున్నాడు. “ఎడమకి! కచ్చితంగా ఎడమకే!”

వెండెలా కుడికి దూకింది. బంతి ఆమె చేతుల్లో ఉంది.

విజిల్ మోగాక జరిగింది మా ఊళ్లో ఇంకో యాభై ఏళ్లు చెప్పుకుంటారు. సాటి మనిషికి మూరెడు దూరం లేకుండా నిలబడని హెల్విక్ జనం ఒకరినొకరు కావలించుకున్నారు! రూనె చిన్నపిల్లాడిలా ఏడుస్తూ వెండెలా చేతులు పట్టుకున్నాడు.

“ఎడమన్నాను కదమ్మా, కుడికెందుకు దూకావు?”

“మీరు ఎడమన్నారనేనండీ!”

టీవీ నుంచి వచ్చిన అమ్మాయి మైకు పెడితే, “ఈ జట్టు మీద నాకు మొదటినుంచీ నమ్మకం ఉంది,” అన్నాడు రూనె. అబద్ధమని అనకండి. ఆ క్షణంలో అతను దాన్ని నిజంగానే నమ్మాడు.

అప్పుడే వెనక గ్రౌండ్ వైపు నుంచి ఒక కేక వినిపించింది. బోర్యె! నడుముకు టవల్, ఒంటినిండా సబ్బు నురగ, నీలంగా మారిన పెదాలు. ఆ మంచులో చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొస్తున్నాడు.

“రూనే! వెనక గ్రౌండ్ స్నానాల గదిలో వేడినీళ్లు రావట్లేదురా! మంచుగడ్డలే! చచ్చిపోతాంరా!”

“రావు,” అంది ఇంగలిల్, తాపీగా బన్ను తింటూ.

రూనె అదిరిపడ్డాడు. “ఎప్పట్నించి?”

“ఆరేళ్లయింది.”

“మరి నాకు చెప్పరేం!”

“చెప్పాం. మంచి విషయమే, మీటింగ్‌లో పెడదామన్నారు. పెట్టారు కూడా, ప్రతి ఏడాదీను.”

పాఠకులారా, మా దేశంలో ఆదివారం నాడు దేవదూత కనిపించాడంటే ఎవరైనా నమ్ముతారేమో గానీ, ప్లంబర్ కనిపించాడంటే నమ్మరు. మర్నాడు ఆదివారం. పొద్దు పొడవకముందే ఆ స్నానాల గది ముందు ప్లంబర్ బండి ఆగింది. మధ్యాహ్నానికల్లా వేడినీళ్లు పొగలు కక్కుతూ వచ్చాయి.

మీటింగ్ కూడా అక్కర్లేకపోయింది!