పదమూడో శతాబ్దపు గడియ

మా కొండమీది ఊరు మధ్యయుగాల నాటిదని కిందటేడు నిర్ధారణ అయింది. అంతకు ముందు రోజు దాకా అది మామూలు పాత ఊరు. పాత ఊరికి రోడ్డు రాదు, నీళ్లు రావు. మధ్యయుగపు ఊరికి మనుషులు వస్తారు. తేడా అంతే.

నిర్ధారించిన వారసత్వ సంఘం అధ్యక్షుల వారు మహా పండితులు. కోట తలుపు గడియను భూతద్దంతో పావుగంట చూసి, కళ్లు తుడుచుకుని, "పదమూడో శతాబ్దం" అన్నారు. ఆ గడియను మా బావ పంతొమ్మిదేళ్ల కిందట పాత లారీ కమాన్ పట్టీతో చేశాడు. బావ మా ఊరి కమ్మరి. అప్పుడు పక్కనే ఉన్నాడు కూడా.

"అయ్యా, అది నేను చేసిందండి."

అధ్యక్షుల వారు జాలిగా చూశారు. "పురాతన వస్తువులను తామే చేశామనుకోవడం ఇక్కడి జానపదుల విశ్వాసం" అని గుమాస్తా చేత రాయించారు. గడియకు 'తాకరాదు' అని బోర్డు తగిలించారు.

ఆ గడియకు ఒక జబ్బుంది. ఎండ ముదిరితే బిగుసుకుపోతుంది. అప్పుడు బయటి నుంచి తలుపును భుజంతో పైకెత్తి, కింద ఎడమ మూల ఒక్క తన్ను తన్నాలి. మా ఊళ్లో నడక వచ్చిన ప్రతి బిడ్డకూ అది తెలుసు. పుస్తకాల్లో లేదు కనుక సంఘానికి తెలియదు.

తరువాత ఊరికి జీవం పోయడానికి సంఘం ఉద్యోగాలు ప్రకటించింది. నీళ్లు మోసే ఇల్లాలు ఒకరు, బిచ్చగాడు ఒకడు (డిగ్రీ తప్పనిసరి), కమ్మరి ఒకడు. బావ తన కొలిమిలో తన పనికే దరఖాస్తు పెట్టుకున్నాడు.

"మీరు ఏ శతాబ్దంలో ఉన్నారు?" అని ఇంటర్వ్యూలో అడిగారు.

బావ నిజాయితీగా ఆలోచించాడు. "పొద్దున లేచినప్పుడు ఇదేనండి."

తప్పాడు. పైగా కొలిమిలో వెల్డింగ్ మిషన్ దొరికింది. పట్నం నుంచి వచ్చిన నాటకాల ఆయనకు ఉద్యోగం ఇచ్చారు. ఆయనకు గడ్డం ఉంది. ఎర్రగా కాలిన ఇనుము సందర్శకులకు ప్రమాదం కనుక ఆయన చల్లని ఇనుమునే కొడతాడు, పది నిమిషాలకు ఒకసారి. ఇనుముకేమీ కాదు. చప్పుడు మాత్రం కమ్మగా ఉంటుంది.

బావకు నోటీసు వచ్చింది. ఆయన 'ఆధునిక ఆక్రమణ' అట. ప్రారంభోత్సవం నాటి మధ్యాహ్నంలోగా కొలిమి వదిలి, ఊరి చుట్టూ ఉన్న కోట గోడ దాటాలి.

మా అక్క నోటీసు తిరగేసి చూసింది. "ముప్పై ఏళ్లు కాపురం చేశాను. మీరు ఆక్రమణని ఒక్కరూ చెప్పలేదు."

ఆ రోజు నేనూ బావా ఇనుము కొట్టే దాగలినీ గాలి తిత్తులనూ బండికెత్తుకుని గోడ దాటాం. మా వెనకే తలుపు మూశారు, ముఖ్య అతిథి గారు లోపలి నుంచి తెరిచి ఊరిని లోకానికి అంకితం చేయడానికి. ఎండ మండిపోతోంది. తలుపు తెరుచుకోలేదు.

కొత్త కమ్మరిని పిలిచారు. ఆయన పది దెబ్బలు కొట్టాడు. లోపలున్న మూడు వందల మంది సందర్శకులు చప్పట్లు కొట్టారు. తలుపు కదలలేదు. పగలగొడదామంటే అది నేరం. నీళ్లు మోసే ఇల్లాలి కుండలో నీళ్లు లేవు, బరువని పోయలేదు. మధ్యయుగాల్లో ఉండేవి కావని మరుగుదొడ్లను గోడ బయట కట్టారు. సన్నివేశం త్వరగా గంభీరమైంది.

"బాబూ, కమ్మరీ, ఉన్నావా?" తలుపు సందులోంచి అధ్యక్షుల వారి గొంతు.

"ఉన్నానండి. తమరు పొమ్మన్న చోటే."

"ఇది తీయగలవా?"

"ఆధునికుణ్ణి కదండి. తాకరాదు."

నాకు జాలేసింది. "పోనీ తన్నెయ్ బావా."

"ఉండరా. పండితుల్ని కాస్త ఆలోచించుకోనీ."

లోపల అత్యవసర సమావేశం జరిగింది. అధ్యక్షుల వారు కాళ్లు మార్చి మార్చి నిలబడుతూ తమ జీవితంలోకెల్లా చిన్న ఉపన్యాసం ఇచ్చారు: "సోదరులారా! పురాతనమైన గడియను పురాతనమైన మనిషే తాకాలి. కాబట్టి ఈ కమ్మరి పదమూడో శతాబ్దపు వాడని తీర్మానిస్తున్నాం. త్వరగా!"

కాగితం తలుపు కిందుగా వచ్చింది. బావ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"కొలిమి సంగతి రాయలేదండి."

కాగితం వెళ్లి వచ్చింది.

"ముద్ర పడలేదండి."

లోపల ఎవరో మూలిగారు. ముద్ర పడింది. బావ తలుపుకు భుజం ఆనించి ఒక్క తన్ను తన్నాడు. ముఖ్య అతిథి గారు రిబ్బను కత్తిరించకుండానే, తెంపుకుంటూ, గోడ పక్కకు పరుగెత్తారు.

అప్పటి నుంచి బావ రక్షిత వారసత్వ సంపద. ఆయన్ను మార్చరాదు, మరమ్మతు చేయరాదు, ఉన్న చోటు నుంచి కదల్చరాదు. పిప్పి పన్ను పీకించుకోవాలన్నా సంఘం అనుమతి కావాలి. కొలిమి ముందు నాటకాల ఆయన చల్లని ఇనుము కొడుతుంటాడు. వెనక బావ ఊరి గేట్లకు వెల్డింగ్ చేస్తుంటాడు.

పోయిన నెల మీరూ వచ్చారు. గడ్డం ఆయన భుజం మీద చెయ్యి వేసి ఫొటో దిగారు. వెనక మసి గుడ్డల మనిషి అడ్డం వస్తున్నాడని, "కొంచెం పక్కకు జరగవయ్యా" అన్నారు.

ఆయన జరగలేదు. కోపం తెచ్చుకోకండి. ఆయన్ను జరపడం చట్టరీత్యా నేరం.