మేనత్తల బురద

ఆ శనివారం పొద్దున్న వెర్‌లీన్ పెట్టుకున్న పని చిన్నదే. ఫీనిక్స్ పట్నం నుంచి వచ్చే ఆడవాళ్ళకు వాకిట్లో మొక్కజొన్న నూరడం, కాగితమంత పలచని పీకీ రొట్టె కాల్చడం నేర్పాలి. మధ్యాహ్నం మాంసం పులుసు పెట్టి సాగనంపాలి. అసలు యుద్ధం ఆదివారం. కొడుకు డారెల్ పెళ్ళి దగ్గరపడింది. అమెరికా ఆదివాసులైన హోపీల ఇళ్ళలో పెళ్ళన్నాక పెళ్ళికొడుకు మేనత్తలు బురద బకెట్లతో ఇంటిమీదికి రావలసిందే. తమ ముద్దుల మేనల్లుణ్ణి ఎవత్తో తన్నుకుపోతోందని పెళ్ళికూతుర్నీ, ఊరుకున్నందుకు పెళ్ళికొడుకు తల్లినీ నోరారా తిడతారు. దొరికినవాళ్ళకు దొరికినచోట బురద పూస్తారు. ఎంత తిడితే వాడంటే అంత ప్రేమ. ఎప్పుడొస్తారో మాత్రం ముందు చెప్పరు.

"ఆదివారమేనా? సరిగ్గా కనుక్కున్నావా?" అని భర్తను మరోసారి అడిగింది.

"నా చెల్లెళ్ళు నాకు అబద్ధం చెప్తారటే?" అన్నాడు ఎల్జిన్, ఐసు తేవడానికి బయల్దేరుతూ.

నిక్షేపంలా చెప్పారు.

పట్నం ఆడవాళ్ళు అందరూ తెల్లబట్టల్లో దిగారు. వాళ్ళ పెద్ద గ్వెండలిన్. పళ్ళ డాక్టరుగా పనిచేసి మానేసిన మనిషి. మెత్త కూడా వెంట తెచ్చుకుని, దానిమీద కూర్చుని కళ్ళు మూసుకుంది.

"ముందు కాసేపు ధ్యానం చేద్దామా?"

"ముందు నూరుదామండీ. ఎండెక్కితే రాయి కాలుతుంది."

"మీ పూజల గురించి రెండు మాటలు..."

"అవి మేం బయటివాళ్ళకు చెప్పుకోం. పిండి గురించి ఎంతసేపైనా చెప్తాను."

గ్వెండలిన్ పక్కామె వైపు వంగి, "విన్నావా? అంతా పిండిలోనే ఉందట," అని గుసగుసలాడింది.

గుట్టమీది ఊరు కావడంతో గాలి ఇసుకను మొహాన కొడుతోంది. వెర్‌లీన్ తన శాలువా తెచ్చి గ్వెండలిన్ తలచుట్టూ కప్పి, రాయి ముందు మోకాళ్ళమీద కూర్చోబెట్టింది. ఆవిడ నూరుతుంటే గింజలు సగం రాయిమీదా సగం వాకిట్లోనూ పడ్డాయి. వెర్‌లీన్ నవ్వు ఆపుకుంటూ, పులుసు చూడటానికి లోపలికి వెళ్ళింది. పెళ్ళికి ముందు అత్తారింట్లో పిండి నూరడం ఆచారం కాబట్టి, లోపలి గదిలో కాబోయే కోడలు కార్లీన్ ఎప్పట్నుంచో తలవంచుకుని నూరుతూనే ఉంది.

అప్పుడే వాకిట్లో పికప్ బండి ఆగింది. ఎల్జిన్ చెల్లెళ్ళు బకెట్లతో దిగారు. ముందు మెల్వినా. బురద పడకుండా కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుంది కాబట్టి, ఆవిడకు కనబడింది శాలువా కప్పుకుని మొక్కజొన్న నూరుతున్న ఒక ఆకారం మాత్రమే.

"ఇదిగోనే, ఇదే! దీని నూరుడు చూడండే! మన బంగారుకొండకి గులకరాళ్ళు వండి పెడుతుందట!" అని హోపీ భాషలో అరిచి, బకెట్ ఎత్తి నెత్తిమీద కుమ్మరించింది.

గ్వెండలిన్ కదల్లేదు. బురద ముక్కుమీదుగా కారుతుంటే నెమ్మదిగా చేతులు జోడించి, "థాంక్యూ," అంది.

మెల్వినా నిర్ఘాంతపోయింది. ఎన్నో పెళ్ళిళ్ళలో బురద పోసింది, పోయించుకుంది, జుట్టూ జుట్టూ పట్టుకుంది. థాంక్స్ మాత్రం ఎవరూ చెప్పలేదు.

"పొగరు చూడండే! ఒసే నిద్రమొద్దూ!"

అర్థం తెలియని గ్వెండలిన్ కళ్ళు మూసుకుని, ఆ మాటను భక్తిగా తిరిగి పలికింది. మిగతా పట్నం ఆడవాళ్ళూ వచ్చి తలలు వంచి వరసలో నిలబడ్డారు. అడిగి మరీ పూయించుకుంటామంటే కాదనడానికి మేనత్తలకు మనసొప్పలేదు. ఒక్కో బకెట్‌కీ ఒక్కో తిట్టు, ఆ తిట్టుకు వెనకాలే కోరస్.

గోల విని వెర్‌లీన్ గరిటెతో బయటికొచ్చింది. వాకిట్లో తెల్లబట్టల జాడలేదు. నిలువెల్లా బురదైన పట్నం ఆడవాళ్ళు రాగం తీస్తూ, "సోమరిపోతూ... సోమరిపోతూ..." అంటున్నారు.

"మెల్వినా! ఆవిడ పెళ్ళికూతురు కాదే! పళ్ళ డాక్టరు!"

మెల్వినా కళ్ళద్దాలు పెట్టుకుంది. తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది. "మరి పెళ్ళికూతురేది వదినా?"

"లోపలుంది."

"మరి బురదేదీ?" మెల్వినా చెల్లెళ్ళ వైపు తిరిగింది.

చెల్లెలు బకెట్ బోర్లించి చూపించింది. మెల్వినా గడపమీద కూలబడింది. "నీ ఒంటిమీద చుక్క పడకుండా ఇంటికెళ్తే ఊళ్ళో ఏమంటారు? మేనత్తలకి వాడంటే ప్రేమే లేదనరూ?" ఆవిడ ఖాళీ బకెట్‌ను ఒళ్ళోకి లాక్కుంది.

వెర్‌లీన్‌కూ ఉసూరుమంది. ఎదురు తిట్లు ఎన్ని కూడబెట్టుకుందో! ఇంతలో గ్వెండలిన్ వచ్చి చెయ్యి పట్టుకుంది. "మీరు చెప్పనన్న రహస్యం ఇదేనా?"

ఔనంటే అందరూ సంతోషంగా వెళ్ళిపోతారు. కానీ రేపట్నుంచి పట్నంలో హోపీల బురద పూజలు మొదలవుతాయి. వెర్‌లీన్ ఉన్నదే చెప్పింది.

"కాదండీ. ఇది పూజా కాదు, పాడూ కాదు. పెళ్ళివారి సరదా కొట్లాట. మిమ్మల్ని నా కోడలనుకుని తిట్టారు. మీరంతా కలిసి పాడినవీ ఆ తిట్లే."

గ్వెండలిన్ మొహం ఎర్రబడిందో లేదో బురదలో తెలియలేదు. "నన్నేమంది?"

"నిద్రమొద్దు అంది. మీ పిండిని గులకరాళ్ళంది."

"తిరిగి తిట్టొచ్చా?"

"తిట్టకపోతేనే తప్పు."

గ్వెండలిన్ తన బట్టలమీంచి రెండు గుప్పిళ్ళ బురద తీసుకుని వెళ్ళి, మెల్వినా రెండు బుగ్గలకూ శ్రద్ధగా పట్టించింది. "పైవరసలో పుచ్చుపన్ను పెట్టుకుని నా నూరుడుకి వంకలు పెడతావా?"

మెల్వినా నోరు తెరుచుకుంది, టక్కున మూసుకుంది, ఆపైన పగలబడి నవ్వింది. "వదినా! ఇదీ మనిషంటే!"

ఇక ఎవరూ ఆగలేదు. వెర్‌లీన్ నీళ్ళ గొట్టం తిప్పి వాకిట్లో కొత్త బురద తయారుచేసింది. మొదటి ముద్ద ఆవిడ మొహానే పడింది. కూడబెట్టుకున్న తిట్లన్నీ సంబరంగా ఖర్చుపెట్టేసింది. ఐసుతో తిరిగొచ్చిన ఎల్జిన్‌ను చెల్లెళ్ళు అతని బండిలోంచి కాళ్ళుపట్టి లాగారు. కార్లీన్ పిండి గిన్నెతో తలుపు దగ్గరకొచ్చి భయంభయంగా చూసింది. మెల్వినా చెయ్యి కడుక్కుని చిటికెడు పిండి నలిపి చూసింది, ఎంత వెతికినా తప్పు దొరకలేదు. "మరీ ఇంత మెత్తగానా? తుమ్మితే కాపురం ఎగిరిపోతుంది," అని గొణిగి, పిల్ల నుదుటిమీద చెయ్యేసి నిమిరింది.

అందరూ కడుక్కుని, అరువు బట్టల్లో పులుసు ఊదుకు తాగుతుంటే గ్వెండలిన్ అడిగింది, "వచ్చే నెల ఏం నేర్పుతారు?"

"బుట్టలల్లడం."

"అందులో కొట్టుకోవడం ఉండదా?"

"ఉండదండీ. కుదురుగా కూర్చుని అల్లుకోవడమే."

ధ్యానం కోసం వచ్చిన గ్వెండలిన్, అలాగైతే ఆలోచించుకుని చెప్తానంది.