చర్చి ఫ్రీజర్‌లో రెండు తుపాకులు

గురువారం ఉదయం గేలన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. రెండు ఖాళీ తుపాకులు చర్చి బేస్‌మెంట్‌లోని పెద్ద ఫ్రీజర్‌లో పెట్టాలి. శుక్రవారం మధ్యాహ్నం తీసి చూడాలి. ఏది బిగుసుకుపోకుండా ఉంటే దాన్ని పట్టుకుని శనివారం మామగారితో బాతుల వేటకి వెళ్ళాలి. ఇందులో గొడవకి తావెక్కడుందో అతనికి కనపడలేదు.

మామగారు ఆర్విడ్‌కి సరస్సు ఒడ్డున రెల్లులో ఇద్దరు దాక్కుని కాల్చేందుకు కట్టుకున్న మాటు ఉంది. అందులో రెండో చోటు కోసం గేలన్ పెళ్ళైన నాటి నుంచీ తొమ్మిదేళ్ళు కాచుకుని కిందటేడాదే సంపాదించాడు. తీరా నవంబరు చలిలో బాతుల గుంపు నెత్తిమీదికి దిగిన క్షణాన అతని పంపు తుపాకీ మొరాయించింది. గేలన్ దాన్ని తిట్టిన తిట్లకి బాతులు పక్క సరస్సుకి పోయాయి.

"పంపంటే చేత్తో వెనక్కి లాగి ముందుకి తోసేది. అందులో చలికి చెడేదేముంది? చెడింది నువ్వు," అన్నాడు ఆర్విడ్. బావమరిదేమో తన ఆటో తుపాకీ అంటగట్టాలని చూస్తున్నాడు: "పేలగానే అదే తూటా ఎక్కించుకుంటుంది బావా. నీ చేతుల మీద ఆధారపడదు. అదే దాని గొప్పతనం." ఊళ్ళో అడిగిన ప్రతివాడూ ఒకదాన్ని పొగిడి రెండోదాన్ని తిట్టాడు. చివరికి ఆర్విడ్ తేల్చేశాడు. "ఏది తెస్తావో నాకనవసరం. ఈసారి కూడా బిగుసుకుందో, ఆ చోటు ఇంకొకరికిచ్చేస్తా."

ఇంటి ఫ్రీజర్ నిండా జింక మాంసమే. చర్చి మరమ్మతులు చూసేది గేలనే కాబట్టి తాళంచెవి అతని దగ్గరుంది. శనివారం చర్చిలో జరిగే లూటెఫిస్క్ అనే చేప విందుకి చేపలన్నీ బయటికి తీసేశారు గనక అక్కడి ఫ్రీజరూ ఖాళీయే. తన పంపుకీ, బావమరిది దగ్గర తెచ్చిన ఆటోకీ ప్రేమగా, దట్టంగా నూనె పట్టించాడు. ఆ వాసన ఫ్రీజర్‌కి అంటకూడదని మాంసం చుట్టే తెల్ల కాగితంలో చుట్టి, టేపు వేసి, పైన తన పేరు రాశాడు. ఆ ఊళ్ళో తెల్ల కాగితంలో చుట్టి పేరు రాసి ఫ్రీజర్‌లో పెట్టిందల్లా జింక మాంసమే, పొడుగ్గా ఉంటే జింక సాసేజే. ఏటా తనూ అలాగే చుడతాడు. అయినా ఆ సంగతి అతనికి తట్టలేదు.

శుక్రవారం పొద్దున్న కాఫీ తాగుతుంటే భార్య మార్డెల్ వచ్చి బుగ్గ మీద ముద్దు పెట్టింది. పెళ్ళైన పదేళ్ళలో కారణం లేకుండా అలా జరగలేదు కాబట్టి గేలన్ కప్పు కింద పెట్టేశాడు.

"లవాన్ గారు ఫోన్ చేశారు. విందుకి నాలుగేసి అడుగుల సాసేజిలు రెండిచ్చావట! నాకు మాటైనా చెప్పలేదేం?"

లవాన్ అంటే చర్చి వంటింటి పెద్ద. డెబ్బై ఒక్కేళ్ళావిడ. ఆవిడ ఫ్రీజర్‌లో తుపాకులు పెట్టానని చెప్పడమా, సాసేజి ఇచ్చానని ఒప్పుకోవడమా? గేలన్ ఆలోచించి, "అదేముందిలే," అన్నాడు. ఆ ఒక్క మాటే కొంప ముంచింది. పది గంటలకి పాస్టరు గారు ఊరి రేడియోలో ప్రకటించారు, చేప గొంతు దిగనివారికి ఈసారి గేలన్ గారి సాసేజి ఉందని. పదకొండు గంటలకల్లా ఏనాడూ విందు మొహం చూడనివాళ్ళు నలభై ముగ్గురు వస్తామని ఫోన్లు చేశారు.

గేలన్ చర్చికి పరుగెత్తాడు. బేస్‌మెంట్ వంటింటి నిండా ఆడవాళ్ళు, వాళ్ళలో మార్డెల్ కూడా. లవాన్ అప్పటికే రెండు చుట్టలూ బల్లమీదికి చేర్చి కత్తి నూరుతోంది.

"ఇలా ఇవ్వండి, ఇంటి దగ్గర ముక్కలు కోసి తెస్తాను," అన్నాడు.

"ఇచ్చింది పట్టుకుపోతావా? మాకు కోయడం రాదా ఏం?"

"అది కాదండీ, గట్టిగా ఉంటాయి..."

"నలభై ఏళ్ళుగా గడ్డకట్టిన చేపని కోస్తున్నానయ్యా. నువ్వు పక్కకి జరుగు."

అంతలో ఆర్విడ్ మెట్లు దిగాడు. "నాకింత ముక్క పెట్టని అల్లుడు ఊరంతటికీ పెడుతున్నాడని రేడియోలో విన్నా. నా వంతు ఏదీ?" అంటూ జేబులోంచి చాకు తీశాడు.

లవాన్ కాగితం చీల్చింది. లోపలి నుంచి తుపాకీ గొట్టం తొంగి చూసింది. మార్డెల్ మొగుడి వైపు చూసిన చూపుకి ఫ్రీజరే వెచ్చగా ఉంటుందనిపించింది.

"పరీక్ష మావయ్యా," అని గొణిగాడు గేలన్. "ఏది నమ్మదగిందో తేల్చుకుందామని..."

ఆర్విడ్ తల పట్టుకున్నాడు. కానీ వేటగాడి బుద్ధి ఊరుకోదు కదా. పంపు లాగి చూశాడు, కదల్లేదు. ఆటో బోల్టు లాగాడు, అదీ సగంలో ఆగింది.

"చూశారా! రెండూ పనికిరానివే. తప్పు నాది కాదు!" గేలన్ మొహం వెలిగింది.

లవాన్ అతన్ని పక్కకి నెట్టి, గొట్టం ఖాళీగా ఉందో లేదో చూసి, రెండింటినీ ఊడదీసి పాత తువ్వాలుతో తుడిచింది. తువ్వాలు జిడ్డుతో పచ్చబడింది. మళ్ళీ బిగించి లాగితే పంపు టకటకమంది, ఆటో ఠక్కున మూసుకుంది.

"పాన్‌కేక్ మీద పాకం పోసినట్టు పోశావు కదయ్యా నూనె! చలికి గడ్డకట్టదూ? తుపాకీలకేం రోగం లేదు."

ఆర్విడ్ ఆవిణ్ణి కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "ఇంతకీ నీ దగ్గరున్నది పంపా, ఆటోనా?"

"రెండూ ఉన్నాయి. తలుపు దగ్గర ఏదుంటే అది పట్టుకెళ్తా."

"రేపు వేటకి ఖాళీయేనా?"

"రేపా? విందుకి నూట యాభై పౌన్ల బంగాళాదుంపలు తొక్క తీయాలి."

ఆర్విడ్ అల్లుడి వైపు తిరిగాడు. "దుంపలు ఇతను చూసుకుంటాడు."

"మావయ్యా, తొమ్మిదేళ్ళు కాచుకున్నాను!" గేలన్ మామగారి చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంట్లో ఉన్న సాసేజంతా కూడా ఇతనే తెస్తాడు," అంది మార్డెల్.

శనివారం తెల్లారగానే బేస్‌మెంట్ కిటికీలోంచి సరస్సు వైపు మూడు పేలుళ్ళు వినపడ్డాయి. పంపో ఆటోనో పోల్చుకుందామని చెవులు రిక్కించాడు గానీ గేలన్‌కి తేలలేదు. ఇక చేసేదిలేక పనిలో పడ్డాడు. దుంపల తొక్క తీసే కత్తులు సొరుగులో రెండు రకాలున్నాయి. ఏది మంచిదని అతను ఎవరినీ అడగలేదు.