నల్లబడేదాకా కూర్చోండి

ఆ ఉదయం పరిశోధక విద్యార్థిని వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పదిన్నరకు కమిటీ వస్తుంది. రెండు గాజు పళ్లేలు చూపించాలి, నాలుగు మాటలు చెప్పాలి, పని కొనసాగించడానికి సంతకం పెట్టించుకోవాలి. సంతకం పడకపోతే మూడేళ్ల శ్రమకు ఆ రోజే నీళ్లొదులుకోవాలి.

ఆ శ్రమంతా కంటికి ఆనని పూసల్లో ఉంది. కొన్నాళ్లకు తమంతట తామే కరిగిపోయే పాలిమరుతో చేసిన సూక్ష్మగోళాలవి. వాటి పొట్టలో ఒక ఎంజైము చేతులు కట్టేసే మందు ఉంటుంది. పూస కరిగేకొద్దీ మందు చుక్క చుక్కగా బయటికొస్తుంది. కోసిన బంగాళాదుంప నల్లబడేది ఆ రకం ఎంజైము వల్లే కాబట్టి పరీక్ష దుంప ముక్కల మీద పెట్టింది. ఎడమ పళ్లెంలో మందును ఊరికే ఒకసారి చల్లితే రెండో రోజుకే ముక్కలు నల్లబడ్డాయి. కుడి పళ్లెంలో పూసలు చల్లితే ఆరో రోజుకీ తెల్లగా ఉన్నాయి. "మందు ఊరికే చల్లితే చాలదా, ఈ పూసలెందుకమ్మాయ్?" అని కిందటిసారి నవ్విన కమిటీ అధ్యక్షుడికి ఎడమ పళ్లెమే జవాబు. ఫోటోలు చూపిస్తే ఆయన ఒప్పుకోడు. పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం.

ఆ జవాబును విద్యార్థిని వాళ్లమ్మ పదింటికి చెత్తబుట్టలో పడేసింది.

అమ్మ ఆ కాలేజీ క్యాంటీనులోనే వంటమనిషి. ఇరవై ఏళ్లుగా దుంపలు తరుగుతున్న చెయ్యి. ఒక్క ముక్క నల్లబడినా ఆమెకు తల కొట్టేసినట్టుంటుంది.

"ఏం చేశావమ్మా!"

"పెద్దవాళ్లొచ్చే వేళకి పాడైన ముక్కలు పెట్టుకుంటావా? నా పరువేం కావాలి? తాజావి తరిగి పెట్టా. చూడు, మల్లెపువ్వుల్లా లేవూ?"

"అవి నల్లగా ఉండాలమ్మా!"

"నల్లగా ఉంచడానికా నిన్ను మూడేళ్లు చదివించింది?"

కూతురు గడియారం చూసుకుంది. మందు లేని తాజా ముక్కలు అరగంటలో వాటంతటవే రంగు మారతాయి. ఉన్నమాట చెప్పి ఆ రంగే చూపిద్దామనుకుని, కమిటీని పిలుచుకురావడానికి కిందికి వెళ్లింది.

అమ్మ వంటింటికి పోతూ పోతూ ల్యాబ్ అటెండర్‌కి అప్పగింతలు పెట్టింది. "అన్నయ్యా, ఆ ముక్కలు నల్లబడకుండా కాస్త చూసుకో."

అన్నయ్య మాటంటే మాటే. కమిటీవారి టీ కోసం తెచ్చిన నిమ్మకాయలో సగం ఎడమ పళ్లెంలో పిండేశాడు. కుడిదానికి గాజు మూత ఉండబట్టి బతికింది.

అధ్యక్షుడు వస్తూనే రెండు పళ్లేలూ చూశాడు. "రెండూ తెల్లగానే ఉన్నాయిగా! చెప్పానా, పూసలు దండగని?"

"ఎడమవి ఇందాకే తరిగినవి సార్. అసలువి పొరపాటున పారేశారు. వీటికి మందే చల్లలేదు. అరగంటలో నల్లబడతాయి."

అరగంట అయింది. ముప్పావుగంట అయింది. ముక్కలు నవ్వుతున్నట్టే ఉన్నాయి.

"మందు లేకుండానే తెల్లగా ఉన్నాయంటే, మందు కూడా దండగేనన్నమాట," అంటూ అధ్యక్షుడు పని ఆపేయమని రాయడానికి పెన్ను మూత తీశాడు.

మూలనున్న అటెండర్ ఇక పట్టలేకపోయాడు. "నల్లబడవు సార్! నేను నిమ్మకాయ పిండానుగా!"

కమిటీలో మిగతా ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు. "ప్రయోగంలో నిమ్మకాయా? ఇంకేం మిగిలింది?" అని అధ్యక్షుడు కాగితం ముందుకు లాక్కున్నాడు.

అప్పుడు కదిలింది విద్యార్థిని. వెళ్లి కాగితం మీద అరచెయ్యి ఆనించింది.

"పెన్ను మూత పెట్టండి సార్. ఒక్కసారి ఊరికే చల్లితే చాలదా అని అడిగింది మీరే. ఇదిగో, చల్లాం. ఆ ఎంజైమును నిమ్మరసం కూడా ఆపుతుంది. ఎంతసేపు ఆపుతుందో చూసి వెళ్లండి. ఇవి నల్లబడకపోతే పని మానేస్తానని నా చేత్తో నేనే రాసిస్తా."

"ఎంతసేపు?"

అది ఆమెకు తెలియదు. తెలిసిన మనిషిని పిలిపించింది.

అమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. ఒక ముక్కను వేలితో నొక్కింది, వాసన చూసింది. "సగం కాయే పిండాడు. ఒంటిగంటకి అంచులు రంగు తిరుగుతాయి."

"ఒంటిగంటా? మా భోజనం సంగతేంటి?"

"వండేదాన్ని నేనేగా సార్. నేనూ ఇక్కడే ఉంటా." స్టూలు లాక్కుని గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. "నా తప్పుకి నా పిల్ల పని పోతుందా? నల్లబడేదాకా కూర్చోండి."

పెద్దమనుషులు ముగ్గురూ కూర్చున్నారు. పన్నెండుకు ఒకరి కడుపు గట్టిగానే మూలిగింది. ఎవరిదో ఎవరూ ఒప్పుకోలేదు. పన్నెండూ యాభైకి ఒక ముక్క అంచున ఎర్రటి గీత కనబడింది. ఒంటిగంటంబావుకి ఎడమ పళ్లెమంతా మసిబారింది. అధ్యక్షుడు కళ్లద్దాలు తుడుచుకుని కుడి పళ్లెం మీద మూత ఎత్తాడు. ఆరు రోజుల నాటి ముక్కలు తెల్లగా ఆయన ముఖంలోకి చూశాయి.

"నిమ్మకాయకి మూడు గంటలు, పూసలకి ఆరు రోజులు," అన్నాడు సభ్యుల్లో ఒకాయన. "మీరడిగినదానికి ఇంతకంటే జవాబేముంది సార్?"

అధ్యక్షుడు సంతకం పెట్టాడు. అప్పుడు గానీ అమ్మ గుమ్మం వదల్లేదు.

మర్నాడు వచ్చిన నివేదికలో కమిటీ ఒకే ఒక్క లోపం ఎత్తిచూపింది: క్యాంటీనులో భోజనం వేళకు అందడం లేదట.